వాసెన కట్టిన మోటారు

"బండికి గాలి సోకిందంట కదేటి బాబూ" అంటూ కొండలమ్మ పెరుగు తట్ట అరుగు మీద దించి, కొంగు ముడిలోంచి వేపమండ తీసేసరికి సోమయాజులుకి ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు, చేతిలో మండ ఉంది, కళ్ళలో జాలి ఉంది. ఆ జాలి బండి మీదో తన మీదో తేలడం లేదు. తరవాత తట్టింది. నిన్న పెరట్లో పళ్ళు తోముకుంటూ భార్య లలితాంబతో తను అన్న మాట ఇది: ఇదివరకు బండికి గాలి సోకేది కాదే, అందుకే అంత ఆయాసపడేది, అని. దడి అవతల ఉన్న కొండలమ్మ చెవికి సోకేది మటుకు సోకింది, కాదు అన్నది సోకలేదు. లోకంలో సగం దయ్యాలు ఇలాగే పుట్టి ఉంటాయి, వాక్యం తోక తెగి. గాలంటే ఆ గాలి కాదమ్మా, ఉత్త గాలి, మనం పీల్చే గాలి, అని విడమర్చి చెప్పాడు. పీల్సే గాలైతే ముందే సెప్పొద్దా, పొద్దున్నే సెట్టెక్కి మండ ఇరిసేను, అని తప్పు అతని నెత్తినే పెట్టి, బండి కోసం వీధి అటూ ఇటూ చూసింది కొండలమ్మ. మోటారు బండిని మా బావగారు పట్టుకెళ్ళారు, మండ దాచి ఉంచు, ఆయన తిరిగొచ్చేక ఎవరికో ఒకరికి పనికొస్తుంది, అన్నాడు. ఆవిడ నవ్వలేదు. పెరుగు కొలవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

అరుగు మళ్ళీ అతనికి మిగిలింది, అతను తన చెవులకి మిగిలాడు. బజారు మలుపులో బండి మోత వినిపించింది, తాలూకా కచేరీ గోడకి తగిలి ఒకసారి రెండు బళ్ళయినట్టు వినిపించింది, ఇప్పుడు కొయ్యూరు దారి పట్టి ఉంటుంది. ఊరు దాటగానే ఆంబోతు మెట్ట. మెట్ట పెద్దదేం కాదు గాని మూపురం లాగా ఉన్నట్టుండి లేస్తుంది. ఒంటెద్దు బళ్ళవాళ్ళు అక్కడ దిగి చక్రం పట్టుకుంటారు, కావిడివాళ్ళు భుజం మార్చుకుంటారు. బావగారు, అంటే లలితాంబ అన్నగారు ప్లీడరు అప్పలనరసింహం, నిన్న ఈ అరుగు మీదే కూర్చుని షరతు చెప్పాడు. మనుషులు నిండుగా, ఉప్పు బస్తాలు నిండుగా, ఒక్కరూ దిగకుండా, ఒక్కరూ తొయ్యకుండా బండి ఆ మెట్ట ఎక్కితే నీ దగ్గిర ఉంటుంది. ఎక్కకపోతే రేపు తుని షావుకారు వచ్చి తోలుకుపోతాడు. తోలుకుపోతాడు, అన్నాడు, చూడి ఆవుని అన్నట్టు. నువ్వు రావద్దు యాజులూ, ముద్దాయి తీర్పు రాయకూడదు, నీ కాలికి దాన్ని బుజ్జగించడం అలవాటు, నేను మామూలు కాలితో తోలి చూస్తాను, అని కూడా అన్నాడు. బండి ఆయనది, అడవి శాఖ దొర ఊరు విడిచి వెళ్తున్నప్పుడు ఆయనే కొన్నాడు, చెమట తనది. దానిలో జనాన్ని కొయ్యూరు సంతకీ, రైలు స్టేషనుకీ చేరవేస్తానని తను బోర్డు స్కూల్లో పంతులుగిరీ వదులుకున్నాడు. బడి మధ్యలో సున్న చుడితే బండి అయింది, అని అప్పట్లో ఊరంతా చెప్పుకు తిరిగాడు. సున్న మిగలకుండా చూసుకో, అన్నాడు బావగారు. తన మాటకి ఎదుటివాడు అంతకంటె మంచి మాట అన్నప్పుడు కలిగే కడుపుమంట ఇప్పటికీ అక్కడే ఉంది. బండి పోతే మళ్ళీ బడికే పోవాలి. హెడ్మాష్టరు కుర్చీ ముందు నిలబడాలి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, తుడుచుకుంటూ, ఏం సోమయాజులుగారూ, పెట్రోలయిపోయిందా, అంటాడు. ఆ మాట తనకి తట్టినట్టే ఆయనకీ తట్టి తీరుతుంది. కారున్నవారు బీదవారు కారంటుంది లోకం. ధనవంతులూ కారు, సుఖవంతులూ కారు, ఇంట్లోవాళ్ళకి మునపటిలా అయినవారూ కారు. ఇన్ని కారుల్లో రోడ్డు మీద నడిచేది ఒక్కటే, అది ఇప్పుడు వేరేవాళ్ళ కాలి కింద ఉంది.

ఊఁ... అని వినిపించింది. బండి ముందు తను ముక్కుగా బిగించిన బూరా. అది తన బండే. మరే బండికీ ఆ మూలుగు లేదు, ఎందుకంటే మరే బండికీ ముక్కు లేదు. దొర దగ్గర్నించి వచ్చినప్పుడు, గాలీ పెట్రోలూ కలిపే ఇత్తడి కార్బొరేటరు నోరు వెనక్కి తిరిగి, పొగ గొట్టం పక్కన నక్కి, ఆ గొట్టం కాగబెట్టిన వేడి గాలినే పీల్చేది. చేసినవాళ్ళు మంచు కురిసే దేశం వాళ్ళు, వాళ్ళకి వేడి కావాలి. నర్సీపట్నం రోహిణి కార్తెలో వేడి ఎవడికి కావాలి. ఒకనాటి పొద్దున్న సంధ్య వార్చుకుంటూ, కుడి ముక్కు బొటనవేలితో మూసి ఎడమ ముక్కుతో పీలిస్తే, నూతిగట్టు మీంచి చల్లటి గాలి గుండె అడుగు దాకా దిగింది. కుడిది సూర్యుడిది, ఎడమది చంద్రుడిది, అని తాతగారు చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. మన బండి పుట్టిన దగ్గర్నించీ సూర్యుడి ముక్కుతోనే బతుకుతోంది పాపం అనిపించింది. గాయత్రి మధ్యలో కార్బొరేటరు చొరబడినందుకు ఆవేళ లెంపలు వేసుకుని, లెంపలు వాయకముందే బండి మూత ఎత్తాడు.

బూరా లలితాంబ గ్రామఫోనుది. బావగారు చెల్లెలికి ఇచ్చిన గ్రామఫోను అది. గ్రామానికంతా వినిపిస్తుంది కనక గ్రామఫోను అని తను అనేవాడు. ఇప్పుడు బూరా లేదు గనక గ్రామం పోయింది, ఫోనే మిగిలింది. అడగడానికి తనకి నోరు రాలేదు. పెట్టె చుట్టూ రెండు రోజులు ప్రదక్షిణం చేస్తే ఆవిడే మర విప్పి చేతికిచ్చింది. మధ్యాహ్నం పనులయ్యాక ఆవిడ పళ్ళెం తిప్పి, పెట్టెకి చెవి ఆనించి కూర్చుంటుంది, గోడవతలి మాటలు వింటున్నట్టు. పాటకత్తె ఎక్కడో నూతి అడుగున పాడుతూ ఉంటుంది. వినిపిస్తోందా అని ఒకసారి అడిగితే, నాకు వినిపిస్తే చాలదుటండీ, అంది. ఆ మాట నిష్టూరమో కాదో ఇంతవరకూ తేల్చుకోలేదు. తేల్చుకోకపోవడమే మేలు.

బూరాకీ కార్బొరేటరుకీ మధ్య కిరసనాయిలు డబ్బా రేకు చుట్టి గొట్టం చేశాడు. అతుకులకి మొదట లక్క పెట్టాడు. ఇంజను వేడికి లక్క కరిగి, పెళ్ళికూతురి పారాణిలా దారంతా చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. తరవాత సున్నం బెల్లం కలిపి నూరి మెత్తాడు, కోటగోడలు నిలబెట్టిన మందు కదా అని. గోడకి ఎక్కని చీమలు బండికి ఎక్కాయి. బెల్లం తినడానికి లోపలికి వెళ్ళిన చీమలు వెళ్ళినట్టే వెళ్ళి, పొగ గొట్టంలోంచి పుణ్యలోకాలకి పోయాయి. చివరికి తగరం కరిగించి తనే అతుకు పెట్టుకున్నాడు, రెండు వేళ్ళు కాలాయి, అతుకు నిలిచింది. నిలిచిన మొదటి రోజు బూరా దొరికిందల్లా మింగింది. ఎర్ర దుమ్ము, ఎండుటాకు, దారిన పోయే సీతాకోకచిలుక. కుండకి వాసెన కడతాం, ఆవకాయ జాడీకి వాసెన కడతాం, దీనికెందుకు కట్టకూడదూ అని లలితాంబే పాత పంచె చింపి, పల్చటి గుడ్డ బూరా మూతికి బిగించి కట్టింది. ఆ సాయంత్రం గుడ్డ విప్పి చూస్తే కుంకం భరిణె బోర్లించినట్టుంది. ఇదంతా ఇంజను కడుపులోకి పోయేదా, అని ఆవిడ బుగ్గన వేలు పెట్టుకుంది. అప్పణ్ణించీ రాత్రి భోజనాలయ్యాక కంచాలతో పాటు ఆ గుడ్డ కూడా కడిగి ఆరేస్తుంది.

మరి గుణం కనిపించిందా. ఇది బావగారు వేసిన ప్రశ్న, రాత్రుళ్ళు తను తనకి వేసుకుంటున్న ప్రశ్న. ఇదివరకు సంత మలుపు మెరక దగ్గిర జనం దిగి నడిచేవారు, ఇప్పుడు దిగడం లేదు. ఇదివరకు ఇంజను నీళ్ళు బుడబుడ కాగి మూత ఎగిరేది, ఇప్పుడు కాగుతాయి గాని ఎగరదు. ఇంజను గొంతు మారింది, జలుబు వదిలిన భాగవతారు గొంతులా ఉంది. అలాగని చలి పొద్దుల్లో, కొయ్యూరు నుంచి దిగేటప్పుడు, మంచులో అదే చల్లగాలి గొంతులో అడ్డుపడి దగ్గుతుంది, ఎండెక్కేదాకా దగ్గుతుంది. ఆ వేళకి పాత వేడి ముక్కే నయమని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం అంటే తన మనసులో, బావగారి ముందు కాదు. ఆ పైన ఇంకో అనుమానం ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు. తను కట్టిన ముక్కు గనక తన చెవికి గొంతు బాగుపడినట్టు వినిపిస్తోందేమో. ఆ సంత మెరక దగ్గిర జనం దిగకపోవడం కూడా, పంతులుగారు ముచ్చటపడుతున్నారు, దిగితే బాధపడతారు, అని ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారేమో. ఊపిరి బిగబడితే మనిషి తేలికవుతాడా? బడిలో ఏ పిల్లవాడైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే బెంచీ ఎక్కించేవాడు.

బూరా మూలగడం లేదు. ఎప్పుడు మానేసిందో గమనించలేదు. మూలుగు స్థానంలో సన్నటి ఈల ఒకటి వస్తోంది, తలుపు సందులో గాలి దూరినట్టు, అది కూడా తెంపులు తెంపులుగా. గాలి వాలు మారిందేమో. వింటున్నవాడి చెవి మారిందేమో. మెట్ట దగ్గిరకి వచ్చే ఉంటాడు, మామూలు కాలితో తొక్కుతూ ఉంటాడు. ఈల సాగింది, సాగింది, తెగింది. పటపట రెండు పేలుళ్ళు, బాణసంచాలో చెమ్మగిల్లిన టపాకాయల్లా. ఆ తరవాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎంత స్పష్టంగా వినిపిస్తుందో. ఎదురింటి పెంకుల మీద ఉడత నడుస్తోంది, అది వినిపిస్తోంది. లోపల కొండలమ్మ పెరుగు ముంతతో కొసరు పోస్తోంది, అది వినిపిస్తోంది. మెట్ట ఎక్కి అవతల దిగితే కూడా వినిపించదు గదా అని మనసు ఒక ముక్క విసిరింది. విసిరిన ముక్క అందుకోవడానికి ఎవరూ లేక కింద పడింది.

కొండలమ్మ వెళ్ళిపోయింది. లలితాంబ మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడి, అన్నయ్య ఎంతవరకూ వెళ్ళుంటాడండీ, అంది. చూడాలి, అన్నాడు. చెవుల్తో చూస్తున్నారా, అంది. తను అనవలసిన మాట ఆవిడ అంది. ఆవిడ కాస్త గర్వంగా, వీధిలోకి చూస్తూ, "ఇవాళ మన బండిని చూసి అన్నయ్య వంక పెట్టలేడు లెండి. వాసెన గుడ్డ కోటు కాలరులా నిలబడింది. నలిగిన గుడ్డ వాడి కంట పడితే ఊరుకుంటాడా. రాత్రి వార్చిన గంజి చిక్కగా ఉంటే రెండు ముంపులు ముంచేను" అంది.

మజ్జిగ గ్లాసు దించి పక్కన పెట్టాడు. గంజి. ఈ ఇంట్లో గంజి తగలని గుడ్డ లేదు. తన పంచె విప్పి నేల మీద పెడితే తను లేకపోయినా కూర్చుంటుంది. బడిలో తను వరండా మలుపు తిరక్కముందే పిల్లలు పుస్తకాలు తెరిచేవారు, ఉత్తరీయం గరగర వినిపించి. చేతిరుమాలుకి గంజి, దిండు గలీబుకి గంజి, చివరికి దేవుడి పీట మీది పట్టుగుడ్డకి కూడా పల్చగా, పేరుకి. గుమ్మం దాటే గుడ్డ మెత్తగా వేలాడితే ఆ ఇంటి ఇల్లాలు వేలాడినట్టే అని ఆవిడ పుట్టింటి నమ్మకం. ఇన్నాళ్ళూ వాసెన గుడ్డ రాత్రి కడిగి పొద్దున్న కట్టేది, రోజూ బండి ఇంటిదే గనక గంజి లేదు. ఇవాళ బండి అన్నగారి చేతిలోకి వెళ్తోంది, పరాయి కంటికి వెళ్తోంది, అందుకని ముస్తాబు. రెండు ముంపులు. గంజి ఎండితే గుడ్డ కళ్ళన్నీ మూసుకుపోతాయి, పాల మీద మీగడ కట్టినట్టు. మొదట మిగిలిన ఒకటి రెండు కళ్ళతో మూలిగింది, దారి దుమ్ముకి అవీ మూసుకుపోయాక అంచుల సందులోంచి ఇంత గాలి తీసుకుని ఈల వేసుకుంటూ మెల్లిగా వెళ్ళింది. మెట్ట దగ్గిర గుండెనిండా పీల్చబోతే గోడ.

చెబితే బండి బతుకుతుంది. గుడ్డ విప్పు బావగారూ, మళ్ళీ తోలి చూడు, అంటే చాలు. కాని ఎందుకు విప్పాలో చెప్పాలి. ఆ మనిషి నాలిక తనకి తెలుసు. చిన్నప్పుడు లలితాంబ పాయసంలో పంచదార అనుకుని ఉప్పు వేసిందన్న సంగతి ఊళ్ళోకి కొత్త తాసీల్దారు వచ్చినప్పుడల్లా ఆయనకి చెబుతాడు, చెల్లెలు మజ్జిగ తెచ్చి ఇచ్చే వేళ చూసి మరీ చెబుతాడు. ఆవిడ నవ్వుతుంది. నవ్వి లోపలికి వెళ్ళాక కాసేపటి వరకూ గిన్నెల చప్పుడు వినిపించదు. ఇప్పుడు మోటారుకి గంజి పెట్టిన ఇల్లాలు అని ప్లీడర్ల బారు రూములో బతికినన్నాళ్ళూ చెప్పుకోవడానికి దొరుకుతుంది. ఇటు బండి, అటు ఈవిడ. ఇలాంటి చోట మనిషి గుండె కొట్టుకోవాలి, కొట్టుకోవడం లేదు. ఎవరిదో దావా వింటున్నట్టుంది. హెడ్మాష్టరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తుడుచుకోనీ. బండి పోతే నడిచి వెళ్ళచ్చు, బడి దగ్గిరే. మజ్జిగ బావుందే, అన్నాడు. ఆవిడ అతని మొహంలోకి ఒకసారి చూసింది.

బండి వీధి మొదట్లోకి వచ్చింది, ముందు ఎద్దులు, వెనక జనం. కాడికి మోకు కట్టి లాక్కొస్తున్నారు. అప్పలనరసింహం చక్రం పట్టుకుని తన స్థానంలో నిటారుగా కూర్చునే ఉన్నాడు, ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా. ఉప్పు బస్తాల పక్కన కొయ్యూరు మత్స్యరాజు, బజారులో చింతపండు అమ్ముకుని ఇంటికి బయల్దేరినవాడు, పొద్దున్న ఎక్కిన చోటికే తిరిగి వచ్చినందుకు తికమకపడుతున్నాడు. అరుగుల మీదికి ఆడవాళ్ళు వచ్చారు. బావగారు దిగి కండువా దులుపుకుని, సాక్ష్యం ముందు, తీర్పు తరవాత, అన్న క్రమంలో మొదలెట్టాడు. నల్లటి పొగ కక్కిందిట. పేలిందిట. మెట్ట మొదట్లోనే ప్రాణం వదిలిందిట. తను మూత ఎత్తలేదు, బూరా ముట్టుకోలేదు, ఎలా ఉన్న వస్తువుని అలాగే తెచ్చి అప్పగిస్తున్నాడు. ఎవరైనా దిగారా, తోశారా, కావాలంటే ఇతన్ని అడుగు, అన్నాడు.

"మేం దిగలేదు బాబూ. బండే దిగిపోనాది, ఎనక్కి" అన్నాడు మత్స్యరాజు.

వీధి నవ్వింది. "అదీ సంగతి యాజులూ. రేపు షావుకారు వస్తాడు. ఏమంటావు?" అన్నాడు బావగారు, గడ్డం కాస్త ఎత్తి, రాబోయే చమత్కారాన్ని కాచుకోవడానికి. అందరూ సోమయాజులు వేపు చూశారు. మెట్ట, పొగ, ఎద్దులు, బావ. ఒక్కొక్క మాటా తనని వాడుకోమని చెయ్యి చాచుతోంది. అతనికి దేన్నీ అందుకోవాలనిపించలేదు. "మీ ఇష్టం బావగారూ" అన్నాడు.

లలితాంబ గుమ్మం వదిలి మెట్లు దిగింది. మొగుడి శ్లేషలకి ఆవిడ ఏనాడూ నవ్వి ఎరగదు గాని, శ్లేష రావలసిన చోట రాకపోతే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగులేదని ఆవిడకి లెక్క. నేరుగా బండి ముందుకి వెళ్ళి బూరా మూతి మీద వేలితో కొట్టింది. టంగున మోగింది, బిగించిన కంజిరలా. గుడ్డ మధ్యలో, ఇంజను పీల్చిన పీలుపుకి, లోపలికి సొట్ట పడి అలాగే బిగుసుకుపోయింది. ఆవిడ ఆ సొట్ట కేసి చూసి, మజ్జిగ గ్లాసు పక్కన కూర్చున్న మనిషి కేసి చూసింది. అతను తలొంచుకున్నాడు. ఆవిడ ముడి విప్పి గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"అన్నయ్యా, దీనికి గంజి పెట్టింది నేను" అంది, వీధి అందరికీ వినిపించేటట్టు.

"మోటారుకి గంజేవిటే?"

"మోటారుకి కాదు, ఈ వాసెన గుడ్డకి. దీంట్లోంచే అది ఊపిరి తియ్యాలి. నీ కంటికి బావుండాలని చిక్కటి గంజిలో ముంచేను, దాని ముక్కు మూసుకుపోయింది. బండిది తప్పు లేదు, ఆయనది లేదు. ఆయనకిందాకే తెలిసింది. నా మాట వస్తుందని చెప్పకుండా కూర్చున్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో ఊరుకోమన్నారు. అప్పలనరసింహం నవ్వలేదు. రుజువు లేని మాట ఆయన నవ్వడానికి కూడా స్వీకరించడు. గుడ్డ చెల్లెలి చేతిలోంచి తీసుకుని, వెలుగుకి ఎత్తి చూసి, ముక్కూ నోరూ కలిపి దాంతో మూసుకుని, రెండు అరచేతులా అదిమిపట్టి గట్టిగా పీల్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు బయటికి వచ్చాయి. ప్లీడరు మొహం ఎర్రబడి, ఆ ఎరుపు మెడ దాకా దిగింది. ఎద్దులు కూడా తల తిప్పి చూశాయి. ఇక ఎవరైనా వెళ్ళి చేతులు లాగెయ్యాలేమో అనుకునే వేళకి గుడ్డ వదిలి, అరుగు పట్టుకుని, చేపలా నోరు తెరిచి గాలి మింగాడు. ముక్క ముక్కగా అన్నాడు.

"ఇది కట్టుకుని... నేనయితే... వీధి మలుపు దాటను. ఇది... ఉప్పు బస్తాల్తో... మెట్ట దాకా వెళ్ళింది. షావుకారుని... రావద్దని... కబురు పెట్టు యాజులూ."

అప్పుడు చెల్లెలి వేపు తిరిగాడు. వీధి వీధంతా కాచుకుని ఉంది. లలితాంబ కూడా కాచుకునే ఉంది, కొంగు భుజం చుట్టూ లాక్కుని. ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఊపిరే వచ్చింది, మాట రాలేదు. ఆయాసం వల్లనో, మరెందువల్లనో, మూసేశాడు. ఆవిడ ఒక్క క్షణం చూసి, ఇంజనుకి పొయ్యడానికి ఉంచిన నీళ్ళ బాల్చీలో గుడ్డ జాడించింది. తెల్లటి నీళ్ళు వీధిలోకి పారబోసి, పిండి, దులిపి, మెత్తగా వేలాడుతున్న గుడ్డని నలుగురి ఎదటా బూరాకి కట్టింది. మోకు విప్పి ఎద్దుల్ని పక్కకి తోలారు. మత్స్యరాజు బస్తాల మీద సర్దుకున్నాడు. బావగారు ఈసారి చక్రం దగ్గిరకి వెళ్ళలేదు, పక్క సీటులో కూర్చున్నాడు. సోమయాజులు ముందుకి వెళ్ళి, వంగి, హేండిలు తిప్పాడు.

ఒక్క తిప్పుకే అందుకుంది.